పురుగుల్లేని కొరమీను

ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో నా ప్రాజెక్టు చేపల పేగుల్లో బతికే పురుగుల మీద. మాది కడప పక్కన చీనీతోటల ఊరు. చెరువులో నీళ్లు కనపడటమే అపురూపమైన చోట పుట్టి, కర్నూలుకొచ్చి చేపల కడుపులు కోయడం మొదలుపెట్టాను. మా నాయన మాత్రం ఊళ్లో "చేపల డాక్టరు చదువు" అని చెప్పుకునేవాడు. నేనెప్పుడూ సరిదిద్దలేదు.

నాకు కావలసింది కొరమీను పేగులో ఉండే ముళ్లతల పురుగు. తెల్లగా దారప్పోగులా ఉంటుంది. తలచుట్టూ కొక్కేలు, వాటితో పేగు గోడను పట్టుకుని బతుకుతుంది. పుస్తకంలో బొమ్మ చూసినప్పుడే దానిమీద మనసు పడ్డాను. నవ్వితే నవ్వండి, నాకేం. చిక్కల్లా అది దొరక్కపోవడమే. రెండు నెలలుగా కోస్తున్నా ఒక్కటీ లేదు. నెలాఖరుకి పురుగును చూపించకపోతే ప్రాజెక్టు వచ్చే ఏడాదికేనని మా మేడమ్ తేల్చి చెప్పింది.

చేపలు తుంగభద్ర ఒడ్డున కూర్చునే ఒక అవ్వ దగ్గర కొనేదాన్ని. కొడుకు వల వేసి పట్టుకొస్తే ఆమె అమ్మేది. మొదటి రోజే "యా ఊరు పాపా?" అని అడిగింది. హాస్టల్లో ఉంటానని తెలిశాక నాకు చేపను తానే ఏరి ఇవ్వసాగింది. నేను గంపలో చెయ్యి పెట్టబోతే చేతిమీద ఒకటి వేసేది. గంప ముందు పురుగు మాటెత్తితే ఆమె బేరం పోతుందని, కాలేజీ పనికని మాత్రమే చెప్పాను.

ఇక ఆగలేక ఒకరోజు, "వేరేవాళ్లకు కోసేటప్పుడు తీసే పేగులు నాకు ఉంచవ్వా" అని అడిగాను. ఆమె నావైపు జాలిగా చూసింది. మర్నాడు మధ్యాహ్నం ఒక టిఫిన్ డబ్బా చేతిలో పెట్టింది. ల్యాబులో మూత తీస్తే పురుగు జాడే లేదు. పేగులన్నీ నిలువునా చీల్చి, తిరగేసి, ఉప్పూ పసుపూ పెట్టి, బోటీ కడిగినట్టు కడిగి పెట్టింది. పైన రెండు మంచి ముక్కలు కూడా. చేప కొనే స్తోమత లేక పేగులు వండుకుంటానని అనుకుందన్నమాట.

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. డబ్బా పట్టుకుని అప్పటికప్పుడు ఏటి ఒడ్డుకు వెళ్లాను. "ఎందుకు కడిగినావవ్వా? నాకు కావాల్సింది ఆ పేగుల్లో పురుగులు" అని గట్టిగా అనేశాను. గంప ముందు నలుగురు నిలబడి ఉన్నారు. ఒకాయన చేతిలో చేపను మళ్లీ గంపలో పెట్టేశాడు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే జారుకున్నారు.

అవ్వ నన్ను తిట్టలేదు. గంపమీద తడిగోనె సరిచేసి, "పో పాపా, బేరాల యాళ" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు బేరాలు మొదలవకముందే వెళ్లి పక్కన కూర్చున్నాను. తప్పు నాదేనన్నాను. ఆ పురుగు పేగులోనే ఉంటుందని, పేగు తీసేసి బాగా ఉడికించుకుంటే మనిషికేమీ కాదని, ఆ మాట అందరికీ నేనే చెబుతానని అన్నాను.

"తెల్లగా, పేగును పట్టుకోని ఊడిరావే, అవేనా?" అంది అవ్వ.

"నువ్వు చూసినావా?"

"ఇన్నేండ్లుగా చేపలు కోస్తాండా, చూడకుండా ఉంటానా? ఎండలకు ఏరు తెగి మడుగులు పడతాయే, ఆ మడుగుల చేపల్లో శానా ఉంటాయి. ఆ చేపకు తల పెద్దది, ఒళ్లు ఎండుకోని ఉంటాది. అట్లాటిది గంపలో పెట్టను."

"మరేం చేస్తావు?"

"ఇంటికి తీసుకపోతా. మేమే తింటాం. నీకైతే మంచివాట్లో మంచిది ఏరి ఏరి ఇస్తి గదా పాపా."

నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. రెండు నెలలు నాకు పురుగు దొరక్కుండా చేసింది ఈమె ప్రేమ. నేను నవ్వుతుంటే ఆమె కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వెనకున్న సత్తుగిన్నె ముందుకు లాగి, ఆ పూట ఇంటికని పెట్టుకున్న బక్క కొరమీనులు రెండూ నా సంచిలో వేసింది. నేను గంపలో అన్నిటికన్నా పెద్దది కొని, చేతిమీద దెబ్బ తింటూనే, ఆమె గిన్నెలో వేశాను.

మొదటి చేప పేగు చీల్చగానే కనిపించాయి. ఒకటి కాదు, గుత్తిగా. నేను వేసిన కేకకు, నా చెయ్యి తెగిందేమోనని మా మేడమ్ పరుగెత్తుకొచ్చింది. మైక్రోస్కోపు కింద ఆ కొక్కేల తల చూసినప్పుడు కలిగిన సంతోషం నాకు పరీక్షలు పాసైనప్పుడు కూడా కలగలేదు.

మర్నాడు ఏటి ఒడ్డుకు పోతే గంప చుట్టూ జనం. అంత దూరం నుంచే అవ్వ అందరికీ వినబడేట్టు అడిగింది. "ఏం పాపా, దొరికినాయా మన పురుగులు?"

మొన్న చేప వదిలేసి పోయిన ఆయన నావైపు తిరిగాడు. పేగు సంగతి ఆయనకు మొదటినుంచీ చెప్పాను. ఆయన ఒక చేప తీసి కోయించుకున్నాడు.

"దొరికినాయవ్వా. నీ కూర ఎట్లుండె?" అన్నాను.

అవ్వ కత్తిపీట మీద నుంచి తలెత్తింది. "మావోడు ముక్క నోట్లో పెట్టుకోని, ఇది యా చేపమ్మా అన్యాడు. పట్టింది వాడే."