వెనక నుంచి చదివిన కథ

మొన్న మా మనవరాలు ఫోన్ చేసి, నూజివీడులో తను చదివే క్యాంపస్‌లో పిల్లలంతా కలిసి నాలుగు భాషల్లో ఒక పత్రిక నడుపుతున్నారనీ, పాతకాలం సంగతేదైనా రాసివ్వమనీ అడిగింది. పత్రిక నడపడమనేది తామే కనిపెట్టినట్టు చెబుతుంటే నవ్వొచ్చింది. ఆ ఊళ్ళోనే మేమూ నడిపామమ్మా అంటే నమ్మలేదు.

మన కాలం వాళ్ళకు చెప్పక్కర్లేదు, కాలేజీ పత్రికంటే స్టెన్సిల్ మీద చేత్తో రాసి, ఆఫీసులో సైక్లోస్టయిల్ మిషన్ తిప్పి, ఆ కాగితాలను దబ్బనంతో కుట్టడమే. తెలుగు, హిందీ, ఇంగ్లీషు ముందు, ఉర్దూ చివర. మామిడి కోతలు మొదలైతే సగం క్లాసు తోటల్లోనే ఉంటుంది కాబట్టి ఆలోపే తెచ్చెయ్యాలని ఏటా హడావుడి. బొమ్మలు వేసే అబ్బాయి ఏ కథకైనా మామిడిచెట్టే వేసేవాడు, రైలు కథకు కూడా.

ఉర్దూలో రాసేది నా పక్కన కూర్చునే స్నేహితురాలు ఒక్కతే. వాళ్ళ తాతగారు పూత మీద తోటలు కొనే వ్యాపారి, ఉర్దూ తప్ప మరోటి చదవరు. ఆడపిల్లకు బి.ఏ. దేనికని ఆ వేసవితో చదువు మాన్పించెయ్యాలనుకుంటున్నారు. ఎదురు చెప్పే ధైర్యం లేక, ఆయన చదువుతారని, చెప్పదలచుకున్నదంతా కథగా రాసిందామె. పేజీకొక ఘట్టం చొప్పున నాలుగు పేజీలు. చదువు మానేసి ఇంట్లో కూర్చున్న పిల్ల చివరికి టీచరై బడి తలుపు తీస్తుంది.

కుట్టే రోజున ఆమె విస్సన్నపేటలో చుట్టాల పెళ్ళికి వెళ్ళింది. వరసగా పెట్టి వెళ్ళిన ఆ పేజీలను మేము తెలుగు పేజీల్లాగే ఎడమ నుంచి కుడికి పేర్చి కుట్టేశాం. ఉర్దూ పుస్తకం కుడివైపు నుంచి తెరుస్తారన్న ధ్యాస ఒక్కరికీ లేదు. తాతగారు తన అలవాటు ప్రకారం వెనక అట్ట తీసి చదివితే, ఆఖరి ఘట్టం మొదటా, మొదటిది ఆఖరునా వచ్చాయి. బడి తలుపు తీసిన టీచరమ్మ కాస్తా పుస్తకాలు కట్టిపెట్టి ఇంటిపట్టున కుదురుకుంది. ఆయన మురిసిపోయి, “ఇంత బుద్ధిగా ఆలోచించే పిల్ల చదివితే తప్పేంటి, డిగ్రీ పూర్తి చెయ్యనివ్వండి” అని ఇంట్లో చెప్పేశారట.

మేమంతా గంతులేశాం. ఆమె మాత్రం చాలా రోజులు మాతో మాట్లాడలేదు. సరైన వరసలో చదవమంటే చదువు పోతుంది, ఊరుకుంటే తను చెప్పాలనుకున్న మాట ఆయనకు చేరదు. ఊరుకుంది. తాతగారు పోయేదాకా ఆయనకు నిజం తెలియదు. ఆమె బాపులపాడులో టీచరుగా చేసి రిటైరైంది కానీ, మళ్ళీ కథ రాయలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఇప్పటి ఆడపిల్లలకు చదువుకోనివ్వమని కథలు రాసి బతిమాలుకునే పని లేదు, సంతోషం. మీ రాతలు ఇంట్లో ఎవరు చదువుతారే అని మనవరాలిని అడిగితే, అందరికీ లింకు పంపాం కదా అంది. ఆ మాటే నా స్నేహితురాలికి చెప్పాను. ఆమె, “తలకిందులుగానైతేనేం, మా తాతగారు చివరిదాకా చదివారు కదే” అంది.