బాలమణత్త కట్టిన మూటలు

జెర దగ్గరికి జరిగి కూర్చోండి తల్లీ, టీ మరిగేలోపు ఒక మనిషి గురించి చెబుతాను. మా సందు మొదట్లో ఇస్త్రీ బండి ఉంది. నీళ్లు చిలకరించిన నూలు గుడ్డ మీద బొగ్గుల పెట్టె పెట్టగానే ఒక వాసన లేస్తుంది చూడండి, అది ముక్కుకు తగిలితే చాలు, నాకు బాలమణత్త ఎదుట నిలబడుతుంది.

నా చిన్నప్పుడు మౌలాలిలో మా ఇంటి ముందే ఆమె ఇస్త్రీ బండి ఉండేది. నాకు పదకొండేళ్లప్పుడు అమ్మానాన్నలు విడాకులు తీసుకున్నారు. నాన్న అల్వాల్‌కు మారాడు. ప్రతి ఆదివారం నేను ఆయన దగ్గరికి వెళ్లొచ్చేదాన్ని. వెళ్లేటప్పుడు అమ్మ ఒక మాట చెప్పి పంపేది, వచ్చేటప్పుడు నాన్న ఒకటి చెప్పి పంపేవాడు. అన్నీ ముల్లులాంటి మాటలే. మోయలేక, దారిలోనే వాటిని మార్చడం మొదలుపెట్టాను. "నా సామాను పారేసుకోమని చెప్పు మీ అమ్మకు" అని నాన్న అంటే, ఇంటికొచ్చి "నాన్న నిన్ను అడిగిండమ్మా" అనేదాన్ని. ఒకసారి ఏకంగా "దసరాకు వస్తడంట" అనేశాను. మర్నాడు అమ్మ బట్టల పెట్టె అడుగునుంచి నాన్న చొక్కాలు రెండు తీసి, ఇస్త్రీకి ఇచ్చి రమ్మంది.

బాలమణత్త వాటిని విప్పి చూసింది.

"ఏందే బిడ్డా, మీ నాయినవి గదా? వస్తుండా?"

"దసరాకు వస్తా అన్నడు."

"ఆయన అన్నడా, నువ్వన్నవా?"

నేను తల దించుకున్నాను. ఆమె తిట్టలేదు. బండి కింద వరుసగా ఉన్న మూటలు చూపించింది. ఏ ఇంటి బట్టలు ఆ ఇంటి దుప్పట్లోనే కట్టేది ఆమె.

"ఇన్ని ఇండ్ల బట్టలు తెస్త. ఒకరి అంగీ ఇంకొకరి మూటల వేసిన్నా ఎన్నడన్న? నువ్వేమో నీ మాట తీసి మీ నాయిన మూటల కట్టినవ్. పాపం, మీ అమ్మ అది విప్పుకొని కూసున్నది."

"చెప్తే అమ్మ ఏడుస్తది అత్తా."

"ఏడ్వనీ. ఇయ్యాల ఇంట్ల ఏడుస్తది. పండగనాడు వాకిట్ల నిలవడి, నలుగురి ముంగట ఏడ్వాల్నా? పో. నువ్వు చెప్పి వచ్చేదాక ఈ చొక్కాల మీద పెట్టె పెట్ట."

బండి నుంచి మా గడపకు పది అడుగులు కూడా ఉండవు. ఆ రోజు ఎంత దూరమో! అమ్మ కత్తిపీట ముందు కూర్చుని బీరకాయలు తరుగుతోంది.

"నాన్న వస్తా అనలేదమ్మా. నేనే అన్న. రావాలని నాకుండె."

అమ్మ కత్తిపీట పక్కకు జరిపింది. "నాకు సుత నీ లెక్కనే ఉండె బిడ్డా" అంది. కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇస్త్రీ చేయించి ఆదివారం ఇచ్చి రా. ఆయనవి ఆయనకు" అంది.

ఆ ఆదివారం చొక్కాలు తీసుకుంటూనే నాన్న "మీ అమ్మకు చెప్పు..." అని అందుకున్నాడు.

"నువ్వే ఫోన్ చేసి చెప్పు నాన్నా. నేనిగ మొయ్య."

"మీ అమ్మ నేర్పిందా?"

"కాదు, ఇస్త్రీ అత్త."

రెండు వారాలు నాతో ముభావంగానే ఉన్నాడు. అమ్మతోనూ అదే మాట అన్నాను, ఆమె కూడా మూతి ముడిచింది. నేను మాత్రం వెనక్కి తగ్గలేదు. చివరికి వాళ్లే ఫోన్లు చేసుకున్నారు. పోట్లాడుకున్నారు కూడా, కానీ నా నోటితో కాదు. నాన్నతో బడి కబుర్లు, అమ్మతో నాన్న వండిన మాడు కూర కబుర్లు, అప్పుడే మొదలయ్యాయి.

నా చదువు ఏడో తరగతితో ఆగింది, బాలమణత్త ఇప్పుడు లేదు. అయినా ఎవరైనా "ఆమెకు ఇట్ల చెప్పు" అంటూ వస్తే, "నువ్వే చెప్పు" అనడం నాకు ఇప్పటికీ ఆమె ఇచ్చిన బలమే. మీ ఇంట పిల్లల నోట ఎప్పుడూ పిల్లల మాటే పలకాలి తల్లీ. మీ గడప చల్లగా ఉండాలి.