ఎరువిచ్చిన గొలుసు

నాకు అనుమానం ఎక్కువని మా వారు పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టారు. ఐసు దిమ్మ కొట్లో దించిన ప్రతిసారీ దాని అంచులు తడిమి చూస్తాను, దారిలో ఎవడైనా ఒక ముక్క కొట్టుకుపోయాడేమోనని. కరిగిందే అంటారాయన. కరిగిందో, కరిగించారో ఎవరు చూడొచ్చారు? కైకలూరులో ఐసు, రొయ్యల మేత అమ్ముకుని బతికే ఇంట్లో ఆడది ఆ మాత్రం కళ్ళు తెరుచుకుని ఉండకపోతే ఇల్లు గడవదు. ఈ మాట ఏ కోర్టులోనైనా చెబుతాను. ఒక కోర్టులో నిలబడ్డాను కూడా. అదీ మన దేశపు కోర్టు కాదు.

మా కొట్టు వెనక సందులో ఒకావిడ ఉంది. నాకంటే చిన్నది. ఊరి చివర రొయ్యల ప్లాంటులో రొయ్యల తలలు తీసే పని చేసేది. ప్లాంటు పేరుకి ఇక్కడి వాళ్ళదే గానీ, పెద్ద వాటా ఓ విదేశీ కంపెనీది. ఆ రొయ్యలన్నీ ఓడెక్కి అక్కడికే పోతాయి. ఒక మధ్యాహ్నం ప్లాంటులో అమోనియా గ్యాసు లీకైంది. మా కొట్టు దాకా వాసన కొట్టి కళ్ళు మండాయి. లోపలున్న ఆడవాళ్ళు వెనక తలుపు దగ్గరికి పరుగెత్తితే దానికి బయట తాళం. తాళంచెవి ఉన్నవాణ్ణి వెతికి తీసుకొచ్చేసరికి కొందరు స్పృహ తప్పి అక్కడే పడిపోయారు. ఈవిడ బయటపడింది గానీ, ఊపిరి మునుపటిలా లేదు. కుళాయి దగ్గర నుంచి బిందె తెచ్చి గుమ్మంలో దించితే, మాట్లాడడానికి కాసేపు గోడ పట్టుకుని నిలబడాలి.

తలుపు తీసే ఉందనీ, ఆడవాళ్ళే కంగారుపడి ఒకరి మీద ఒకరు పడ్డారనీ ప్లాంటు వాళ్ళు చెప్పారు. ప్రభుత్వం తరఫున అధికారులొచ్చి, తాళం వేసిన జాడేమీ లేదని రాసుకుని పోయారు. వాళ్ళొచ్చేసరికి ఆ తలుపుకి కొత్త రంగు వేసి ఉందని పనివాళ్ళు చెప్పుకున్నారు. తాళం మాట అటుంచి, తాళం వేసే గొళ్ళెమే లేదట.

"తాళం లేకపోతే రంగెందుకు వేశారండీ?" అన్నాను మా వారితో.

"నీకెందుకే, ఊరుకో" అన్నారు.

ప్లాంటులో ఐసు మిషను మొరాయించినప్పుడల్లా దిమ్మలు మా దగ్గరే కొంటారు మరి. ఊరుకోక ఏం చేస్తాం?

ఆ తరవాత ఏలూరు నుంచి ఒక లాయరుగారు వచ్చారు. ప్రభుత్వం మీద మన హైకోర్టులో ఒక కేసు, ఆ కంపెనీ మీద దాని సొంత దేశంలో ఇంకో కేసు వేస్తున్నామన్నారు. మనుషుల్ని లోపల పెట్టి తాళం వేయడం ఏ దేశంలోనైనా మానవ హక్కుల్ని కాలరాయడమేనట. ఫీజు అక్కర్లేదట. అదిగో, అక్కడే నాకు అనుమానం వచ్చింది. ఆయన మా కొట్టు ముందు టీ తాగుతుంటే నేనే అడిగేశాను.

"ఏవండీ, ఇందులో మీకేమిటండీ లాభం?"

"లాభమేముందండీ, న్యాయం జరగాలని."

"న్యాయం సంగతి సరేనండి. మీ కారుకి పెట్రోలు ఎవరు పోయిస్తున్నారండీ?"

ఆయన నవ్వేసి, ఇలాంటి కేసులు చూసే సంఘం ఒకటి ఆ దేశంలో ఉందని చెప్పారు. ఎక్కడో ఉన్నవాళ్ళకి కైకలూరు ఆడవాళ్ళ ఊపిరి ఏం పట్టింది? ఈయన కంపెనీ మనిషేనేమో, ఎవరెవరు నోరు తెరుస్తారో కనుక్కోవడానికి ఈ వేషం వేసుకొచ్చాడేమో అని కూడా అనుకున్నాను. ఒక్క నాకే కాదు, ఊళ్ళో అందరికీ అదే అనుమానం. ఒక్కొక్కళ్ళే వెనక్కి తగ్గారు. చెల్లెలికి అదే ప్లాంటులో ఉద్యోగమని ఒకరు, మొగుడు వద్దన్నాడని ఒకరు. చివరికి తాళం సంగతి చెప్పడానికి మా సందులో ఆవిడ ఒక్కతే మిగిలింది. ఆవిడ మాట నమ్మితే కేసు నిలుస్తుంది. నమ్మకపోతే ఆ తలుపు ఎప్పుడూ తెరిచే ఉన్నట్టు.

ఆవిడ వాంగ్మూలం వీడియో తీయడానికి ఒక రోజు పెట్టారు. ముందురోజు పొద్దున్నే కొట్టుకొచ్చింది.

"ఏమ్మా, ఐసు కావాలా?"

"కాదండి. అమ్మగారండీ, ఒక్క పూటకి మీ గొలుసు ఇస్తారాండీ? కోర్టువాళ్ళు చూస్తారంటండి. బోసి మెడతో ఎలా కూర్చుంటానండీ?"

మా వైపు ఇందులో వింతేమీ లేదు. పెళ్ళికి గానీ, ఫొటోకి గానీ, పెద్దవాళ్ళ ఎదటికి గానీ బోసి మెడతో వెళ్ళరు. లేనివాళ్ళు ఉన్నవాళ్ళ దగ్గర నగ ఎరువు తెచ్చుకుంటారు, పని కాగానే ఇచ్చేస్తారు. మా అత్తగారి కాలంలో ఈ గొలుసే ఎంతమంది మెడల్లో ఫొటో దిగిందో లెక్కలేదు. అడిగినప్పుడు లేదనడం మర్యాద కాదు. నేనూ లేదనలేదు.

"ఇస్తాను గానీ, నేనూ వస్తాను" అన్నాను.

"ఎందుకండీ మీకు శ్రమ?"

శ్రమట! రెండు పేటల గొలుసు ఏలూరు దగ్గర వట్లూరు దాకా వెళ్ళొస్తుంటే నేనిక్కడ ఐసు అమ్ముకుంటూ కూర్చుంటానా?

కైకలూరులో అయితే నలుగురూ చూస్తారని, వట్లూరులో కాలేజీల వైపు ఒక మేడ మీద గది తీసుకున్నారు. ఏలూరు బస్సు కొల్లేరు దాటుతున్నంతసేపూ గొలుసు నా పర్సులో, పర్సు నా ఒళ్ళో. గది గుమ్మంలో నా చేత్తోనే ఆవిడ మెడలో వేశాను. ఇస్త్రీ చీర, తలలో కనకాంబరాలు, మెడలో గొలుసు. పెళ్ళిచూపులకి కూర్చోబెట్టినట్టు బిగుసుకుపోయింది. నేను పక్కనే స్టూలు వేయించుకున్నాను.

లాయరుగారు అడుగుతుంటే మెల్లగా చెప్పుకొచ్చింది. గ్యాసు వచ్చిందండి, తలుపు తాళం వేసుందండి, కొట్టినా ఎవరూ తియ్యలేదండి. "తాళం ఎందుకు వేశారమ్మా?" అన్నప్పుడు మాత్రం తల దించుకుంది. "పెద్దవాళ్ళండి, వాళ్ళకేం కారణం ఉందోనండి" అంది. అన్నం పెట్టిన చోటుని నలుగురిలో నిందించడానికి నోరు రాలేదు. నాకు ఒళ్ళు మండింది. అడిగినప్పుడు చెప్పకపోతే ఇంత దూరం ఎందుకొచ్చినట్టు? ఆయన మరోసారి అడిగి, "సరే, అయిపోయిందమ్మా" అన్నారు. నేను లేచి హుక్కు విప్పాను. ఆవిడ ఏదో అంటోంది, నేను వినిపించుకోలేదు. కిటికీ దగ్గర వెలుతురులో రెండు పేటలూ చూసుకుని పర్సులో పెట్టుకున్నాను. తిరుగు బస్సులో ఇద్దరం జామకాయలు కొనుక్కుని తిన్నాం.

ఆ వర్షాకాలంలో ప్లాంటు ఆఫీసరొకాయన ఐసు ఆర్డరు చెప్పడానికి స్వయంగా మా కొట్టుకొచ్చాడు. ఎప్పుడూ ఫోను చేసే మనిషి! సోడా తాగి, వాన గురించి మాట్లాడి, వెళ్తూ వెళ్తూ, "మీ వెనక సందులో ఆవిడ ఆరోగ్యం ఎలా ఉందండీ?" అన్నాడు. "మీకెందుకండీ?" అందామనుకున్నాను. మా వారు పక్కనున్నారు కాబట్టి, "నాకు తెలీదండి" అన్నాను. సరిగ్గా అప్పుడే ఆవిడ బిందెతో సందు మొగలో నిలబడి మమ్మల్ని చూసింది.

కొన్నాళ్ళకి కంపెనీ జవాబు వచ్చింది. వీడియో కాపీ కంపెనీకి కూడా ఇవ్వడం పద్ధతట. అందులోంచి వాళ్ళు ఒక్క బొమ్మ ఏరుకున్నారు. గొలుసుతో ఆవిడ బొమ్మ. మా ప్లాంటు పనివాళ్ళు ఎంత బాగా బతుకుతున్నారో చూడండి, పేదదాన్నని అబద్ధమాడే మనిషి తాళం గురించి మాత్రం నిజం చెబుతుందా, తాళం ఎందుకు వేశారో ఆవిడే చెప్పలేకపోయింది కదా, అని రాశారు. లాయరుగారు ఆవిడ ఇంటికొచ్చి చదివి వినిపించారట. తిరిగి వెళ్తూ మా కొట్టు దగ్గర ఆగి నాకూ చెప్పారు. మీ ఇల్లు బంగారంగానూ! అది ఆవిడ బంగారమా?

ఆవిడ మాత్రం మా కొట్టు వైపు రావడం మానేసింది. ఎదురుపడితే పక్కకి తిరిగిపోయేది. కారణం సందులో అందరికీ తెలిశాక నాకు తెలిసింది. గొలుసు ఇచ్చి, వెంటపడి వెళ్ళి, ఆ సంగతి ఆవేళ సోడా తాగిపోయిన ప్లాంటు వాళ్ళకి మోసింది నేనేనట. నన్ను! ఊళ్ళో అనుమానించే హక్కు నా ఒక్కదానికే ఉందనుకున్నాను కాబోలు, కోపం ఆపుకోలేక వాళ్ళింటికే వెళ్ళాను.

"ఏమ్మా, నేను చెప్పానా వాళ్ళకి?"

"అలాగని నేనెందుకంటానండీ అమ్మగారండీ" అంది, కళ్ళెత్తకుండా. అంటే అన్నట్టే.

చలికాలంలో లాయరుగారు మా ఇద్దరినీ ఏలూరు రమ్మన్నారు. ఆ దేశపు కోర్టు తెర మీద కనిపిస్తుందనీ, ముందు ఆవిడని ప్రశ్నిస్తారనీ, గొలుసు గురించి నన్ను కూడా అడగవచ్చనీ చెప్పారు. మా వారు పొద్దుటే మొదలుపెట్టారు.

"ప్లాంటు వాళ్ళూ చూస్తారే. ఇక మన దగ్గర ఒక్క దిమ్మ కొనరు."

"కొనకపోతే మానేయనివ్వండి" అని గట్టిగానే అన్నాను. బస్సెక్కాక ప్లాంటుకి నెలకి ఎన్ని దిమ్మలు పోతాయో వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. ఆవిడ ముందు సీట్లో కూర్చుంది, నేను వెనక. ఈసారి మెడలో పసుపుతాడు ఒక్కటే ఉంది.

ఆఫీసు గోడకి పెద్ద తెర. అందులో జడ్జిగారు, రెండు పక్షాల లాయర్లు, వాళ్ళ మాటలు తెలుగులో చెప్పే ఒక అమ్మాయి. కంపెనీ లాయరు ఎంతో మెత్తగా మాట్లాడాడు. అలా మాట్లాడేవాళ్ళంటేనే నాకు భయం.

"ఆ గొలుసు మీదేనా?"

"కాదండి. ఎరువు తెచ్చుకున్నానండి."

"కోర్టుకి చూపించడానికి వేరేవాళ్ళ బంగారం ఎందుకు?"

ఏం చెబుతుంది? బోసి మెడ సంగతి ఆ దేశంలో ఎవరికి అర్థమవుతుంది? ఆయన ఇంకా మెత్తగా అడిగాడు. "పనివాళ్ళని లోపల పెట్టి తాళం వేయాల్సిన అవసరం ఏ కంపెనీకైనా ఎందుకుంటుంది? ఒక్క కారణం చెప్పండి." ఆవిడకి దగ్గు తెర అందుకుంది. మంచినీళ్ళిచ్చినా తగ్గలేదు.

అప్పుడు మా తరఫున అక్కడ వాదిస్తున్న లాయరమ్మ, వీడియో చివరిదాకా వేయమని జడ్జిగారిని కోరింది. "అయిపోయిందమ్మా" అన్న తరవాత కూడా కెమెరా కాసేపు నడుస్తూనే ఉందట. అందరూ ఆ మాట దగ్గరే ఆపేశారు, ఈ లాయరమ్మ ఆపలేదు.

తెర మీద నేను కనిపించాను. స్టూలు మీద కూర్చుని ఉన్నాను. ఆవిడ ఊపిరి అందక తడబడుతోంది, గ్యాసు గురించి చెబుతోంది. నేను ఆవిడ మొహం ఒక్కసారైనా చూడడం లేదు. చేప మీద చూపు పెట్టిన పిల్లిలా గొలుసునే చూస్తున్నాను. "అయిపోయిందమ్మా" అని వినబడిందో లేదో, నా చెయ్యి వెళ్ళి ఆవిడ మెడ వెనక పడింది. ఆవిడ మెడ వంచి, హుక్కు అందేలా జుట్టు పక్కకి తీసి, చిన్నగా నవ్వుతూ అంటోంది.

"చూసుకోండి అమ్మగారండీ, ఎక్కడా ఏం పోలేదు. మాకిది అలవాటేనండి. ప్లాంటులో కూడా ఇలాగే చూసేవారండి. ఇంటికెళ్ళేటప్పుడు నడుం తడిమి పంపేవారండి, రొయ్యలు దాచుకుపోతామేమోనని. ఆ వెనక తలుపుకి తాళం కూడా అందుకేనండి."

అమ్మాయి ఆ మాటల్ని వాళ్ళ భాషలో చెప్పింది. కంపెనీ లాయరు తన కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. పక్కకి తిరిగి ఆవిడ మొహం చూడలేకపోయాను. సిగ్గేసింది, అంతే.

జడ్జిగారు ఏదో అడిగారు. అమ్మాయి తెలుగులో చెప్పింది.

"ఆ చెయ్యి ఎవరిది?"

మా కొట్టు, ఐసు దిమ్మలు, మా వారి మొహం అన్నీ గుర్తొచ్చాయి. లేచి నిలబడ్డాను.

"నాదేనండి. గొలుసూ నాదే. ఆవిడ దొంగ కాదండి. అయినా నేను కాపలా కాశాను."

నా మాట నాకే సరిగ్గా వినబడలేదు. ఆవిడ నా కొంగు పట్టుకుని కాస్త ముందుకి లాగింది.

"గట్టిగా చెప్పండి అమ్మగారండీ" అంది, ఊపిరి కూడదీసుకుంటూ. "మైకు దూరంగా ఉంది. వాళ్ళకి వినబడదు."