పొడిగాలి వచ్చేదాకా

ముందు వినిపించింది చప్పుడే. బొద్. కాసేపాగి మళ్లీ, బొద్. పెంకుల మీద శరత్కాలపు వాన గుసగుసలాడుతుంటే, ఆ గుసగుసల మధ్య ఎవరో మాటిమాటికీ గొంతు సవరించుకుని, తీరా ఏమీ చెప్పకుండా ఊరుకుంటున్నట్టుంది.

నేను అద్దెకుంటున్న గది కిందే డ్రమ్ముల కొట్టు. మెట్లు దిగి చూస్తే బల్ల మీద ఒక పెద్ద డ్రమ్ము, దానికి చెంప ఆనించి కళ్లు మూసుకున్న ఒక పెద్దమనిషి.

"ఏమంటోందండీ?" అన్నాను.

"జలుబు చేసిందంటోంది," అన్నాడు కళ్లు తెరవకుండానే.

వీధిలో అందరికీ ఆయన చెవి బాబాయి. నలభై ఏళ్లుగా డ్రమ్ములకు తోలు వేయడమే పని. ఏ వస్తువైనా సరే, ముందు చెవి ఆనించి, ఆ తర్వాతే చూస్తాడు. పుచ్చకాయైనా, కొత్త తలుపైనా, ఆగి ఉన్న బస్సైనా అంతే. ఒకసారి డాక్టరు తన గుండె వింటుంటే, ఈయన వంగి డాక్టరు గుండె విన్నాడట. "నా సంగతి సరే, ఆయన గుండె తెగ దడదడలాడుతోంది, పాపం," అని ఇంటికొచ్చి భార్యతో చెప్పాడట. ఆమె మాకందరికీ పిన్ని.

ఆ బుధవారం నేనక్కడ ఉండగానే బ్యాండు మాస్టారు వచ్చాడు. గొడుగు ఇంట్లో మరిచిపోయి తడిసినవాడంత కోపంగా ఉన్నాడు. పిన్నికి స్వయానా తమ్ముడు.

"ఇంకా బిగించలేదా బావా?"

"లేదు."

"శనివారం పది గంటలకి గ్రంథాలయం ప్రారంభం. ఈ డ్రమ్ము వాయిస్తే బ్యాండులా లేదు, మెట్ల మీంచి బస్తా దొర్లించినట్టుంది."

"తడికి తోలు సాగింది. ఇప్పుడు బిగించామనుకో, పొడిగాలి తగలగానే అది ఇంకా బిగుసుకుని పగులుతుంది. కిందటేడు చూశావుగా."

"పోనీ మంట దగ్గర పెట్టు."

"నువ్వు కూర్చో మంట దగ్గర. ముందు నీ తోలు ఎలా అవుతుందో చూసి, తర్వాత ఆలోచిస్తా."

కిందటేడు సంగతి ఊరంతటికీ తెలుసు. ఇలాంటి వానల్లోనే బావమరిది పోరు పడలేక బాబాయి డ్రమ్ము బిగించాడు. మర్నాడు మబ్బు తేలిపోయింది. ఊరేగింపు మధ్యలో తోలు ఫట్టుమని చీలి, వాయించేవాడి చెయ్యి మోచేతిదాకా లోపలికి పోయింది. అంత పెద్ద డ్రమ్మునూ చేతికి కడియంలా తొడుక్కుని అతను రెండు వీధులు నడిచాడు.

"చూశాను. అందుకే చెప్తున్నా," అన్నాడు మాస్టారు. "శనివారం ఇది మోగకపోతే అన్నిటికీ తోలు పీకించి ప్లాస్టిక్ వేయిస్తా. దానికి ఎండా లేదు, వానా లేదు. నువ్వు హాయిగా పడుకోవచ్చు."

బాబాయి నవ్వలేదు. ఆయన కొట్టుకొచ్చే పనిలో ముప్పాతిక వంతు ఆ బ్యాండుదే. చెయ్యి చాచి రేడియో గొంతు పెంచాడు. శుక్రవారం దాకా భారీ వర్షాలు, శనివారం తెల్లవారేసరికి మబ్బులు విడిపోయి చల్లని పొడిగాలులు, అంది రేడియో.

"విన్నావా? గాలే వచ్చి బిగిస్తుంది. నేను ముట్టుకోను."

"రేడియోని నమ్మి మొన్న నేను ఆరేసిన దుప్పట్లు ఇంకా పిండుతూనే ఉన్నాను," అంది పిన్ని లోపల్నించి. "నా ఖర్మ, ఇద్దరు మొండివాళ్లు దొరికారు. ఒకణ్ణి మా అమ్మ కంది, ఒకణ్ణి మా నాన్న వెతికాడు."

రెండు రోజులు వాన ఊరిని నీళ్లలో నానబెట్టింది. బాబాయి డ్రమ్మును మంచమెక్కించి దుప్పటి కప్పి, తను చాప మీదికి దిగాడు. "ఇన్నేళ్ల కాపురంలో నాకు ఒక్కసారైనా దుప్పటి కప్పావా?" అని పిన్ని అడిగితే, "నువ్వు తడికి సాగవుగా," అన్నాడు.

శనివారం తెల్లవారింది. మబ్బు విడిపోలేదు. తొమ్మిదిన్నరకు వానైతే ఆగింది గానీ, గాలి ఇంకా తడి గుడ్డలాగే ముఖానికి అంటుకుంటోంది. గ్రంథాలయం ఆవరణలో జనం కుర్చీలు తుడుచుకుని కూర్చున్నారు. బాబాయి డ్రమ్ము మీద వేలితో మీటాడు. బొద్.

ముఖ్య అతిథి ఒక రిటైరైన హెడ్మాస్టరు. ఆయన ప్రసంగం, ఆ వెంటనే బ్యాండు. ఆయనైనా ఓ గంట మాట్లాడతాడనుకుంటే, తడి కుర్చీల్లో ఉన్నవాళ్ల మీద జాలిపడి పదీ ఇరవైకల్లా ముగించి కాగితం మడిచేశాడు. మాస్టారు చెయ్యెత్తాడు.

అప్పుడు లేచాడు చెవి బాబాయి.

"అయ్యా, చిన్న సందేహం. తమరు చదివిన మొట్టమొదటి పుస్తకం ఏదండీ?"

హెడ్మాస్టరు కళ్లు చెమర్చాయి. ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని ఆయన బహుశా యాభై ఏళ్లుగా ఎదురుచూస్తున్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని ఆ పుస్తకం అట్ట రంగు దగ్గర మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలకు చివరి పేజీ చేరాడు.

"రెండోదండీ?" అన్నాడు బాబాయి.

"కూర్చో బాబాయ్!" అని వెనకనించి ఎవరో అరిచారు. మాస్టారు ఆయన చొక్కా పట్టి లాగాడు.

"చదువు మీద నీకీ ప్రేమ ఎప్పట్నించి బావా?"

"పదీ ఇరవై నించి."

రెండో పుస్తకం సగంలో ఉండగా వచ్చింది గాలి. ముందు హెడ్మాస్టరు చేతిలో కాగితం మూల కదిలింది. తర్వాత పిన్ని పైట చెంగు. చూస్తుండగానే చల్లగా, పలచగా, ఉతికి ఆరేసిన ఆకాశంలోంచి ఇప్పుడే దులిపినట్టు గాలి ఆవరణంతా నిండింది. మబ్బుల మధ్య నీలం తొంగిచూసింది. జనం భుజాలు ముడుచుకున్నారు. బాబాయి మాత్రం పసిపిల్లాణ్ణి ఎండలోకి తిప్పినట్టు డ్రమ్మును గాలివైపు తిప్పి, చెవి ఆనించి కూర్చున్నాడు.

"ఈ రెంటిలో తమకు ఏది ఎక్కువ ఇష్టమండీ?" అని ఆ చెవి తీయకుండానే అడిగాడు.

అది మరో పావుగంట. చివరికి బాబాయి తలెత్తి, డ్రమ్ము వాయించేవాడికి కర్ర అందించాడు.

ధణ్!

కప్పు మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. హెడ్మాస్టరు తన ఉపన్యాసానికే అనుకుని నమస్కారం పెట్టాడు.

వాయించడం అయ్యాక మాస్టారు బావ దగ్గరికి వచ్చి, తన బూట్లకేసి చూసుకుంటూ, "ప్లాస్టిక్ సంగతి మర్చిపో," అన్నాడు. పిన్ని ఇద్దరికేసీ చూసి, "ఇవాళైనా నా మంచం నాకిస్తారా?" అంది.

తిరిగి వస్తుంటే డ్రమ్ముకు ఒక పక్క నేనూ చెయ్యి వేశాను. వీధిలో నీటి గుంటలు అంచుల నుంచి ఆరుతూ వస్తున్నాయి.

"ఆ గాలి ఇంకో గంట ఆలస్యమై ఉంటే ఏం చేసేవారు బాబాయ్?" అన్నాను.

ఆయన నడుస్తూనే డ్రమ్ముకు చెవి ఆనించి విన్నాడు. తృప్తిగా తలాడించాడు.

"హెడ్మాస్టరుగారిని ఇంకా పెళ్లి గురించి అడగనే లేదుగా!"