కోయని తాడు

ముఘాన్ మైదానంలో జిర్గల్ పేరెత్తితే నవ్వని గుడారం లేదు. అందరూ తిని మూతులు తుడుచుకున్నాక గానీ గిన్నె ముట్టని మంగోలు అతనొక్కడే. "ఆకలిని ఏ దేశంలో వదిలేసి వచ్చాడో" అనేవారు ఆడవాళ్ళు. ఆకలి ఉండేది. దానికంటే ముందు సిగ్గు నిద్రలేచేది.

ఏళ్ళ కిందట, ఈజిప్టును ఏలే మామ్లూకులతో సిరియాలో జరిగిన హోమ్స్ యుద్ధం నాటి పొద్దున అన్న తొఘాన్, చలికి వేళ్ళూడిన చేత్తో తన తిండిసంచిని జిర్గల్ జీను మీదికి విసిరాడు. అన్న నడిమి సేనలో, సేనాని జెండా దగ్గర ఉన్నాడు. తమ్ముడు కుడి పక్క సేనలో.

"నా గుర్రం అసలే బక్కది. నీ దగ్గరుంచు. మామ్లూకుల పని పట్టాక కలిసి తిందాం. ఒక్కడివే మింగేయకురా."

"వదిన ఎండబెట్టిన పెరుగుగడ్డలు నమలడానికి నాకు పళ్ళేవన్నా?"

కుడి పక్క వాళ్ళు ఎదుటివాళ్ళను చిత్తుగా ఓడించి హోమ్స్ సరస్సు దాకా తరిమారు. యుద్ధం గెలిచేశామనుకున్నారు. వెనక్కి వెళ్ళి నడిమి సేనను చూద్దామా అని ఎవరో అంటే, "వాళ్ళే వస్తార్లే, గుర్రాలు దిగండి" అన్నది జిర్గలే. తన సంచి ఖాళీ చేశాడు. అన్న రాలేదు. ఒక్క గడ్డే కదా అని అన్న సంచి ముడి విప్పాడు. దాని వెనక ఇంకోటి. చేతికి సంచి అడుగు తగిలేసరికి కబురొచ్చింది. నడిమి సేన విరిగింది, సేనాని గాయపడి వెనుదిరిగాడు, జెండా దగ్గర నిలబడ్డవాళ్ళు నిలబడ్డచోటే పోయారు. తాను నములుతున్నంతసేపూ అన్న తమ కోసం మెడ తిప్పి తిప్పి చూసే ఉంటాడు. ఆ ఊహ జిర్గల్‌ను బతికున్నన్నాళ్ళూ పీక్కు తిన్నది.

ఇంటికొచ్చి ఖాళీ సంచిని వదిన చెచెక్ చేతిలో పెట్టాడు.

"తిన్నాడా?" అని ఒక్కమాటే అడిగింది.

"కడుపునిండా తిన్నాడు, వదినా."

ఆమె సంచినీ, దానికి చుట్టి ఉన్న తాడునూ చాలాసేపు చూసి లోపలికి వెళ్ళింది.

ఆచారం ప్రకారం వదిన, పాలుతాగే కొడుకు ఎసెన్‌తో సహా, జిర్గల్ గుడారానికి భార్యగా వచ్చింది. అతనికి పిల్లల్ని కన్నది, జ్వరమొస్తే పక్కన కూర్చున్నది. పిలుపు మాత్రం మారలేదు.

"పిల్లల్ని కన్నాక కూడా మరిదేమిటే?" అని తోటివాళ్ళు ఏడిపించేవారు.

"నోటికి అలవాటైపోయింది" అనేది.

అలవాటేనని జిర్గల్ కూడా తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఆ అబద్ధం బయటపడితే ఈమె తన ముఖం చూడదు. అతని భయమంతా అదే.

ఎసెన్‌కు మీసాలొచ్చాయి. ఖాను మళ్ళీ మామ్లూకుల మీదికి సేనను పంపుతుంటే అతనూ బయల్దేరాడు. చెచెక్ అతని సంచి నింపి, పెట్టె అడుగునుంచి గుర్రపు వెంట్రుకల తాడొకటి తీసింది.

"కొత్తది లేదా అమ్మా?"

"ఇది గట్టిదేలే. మీ నాన్న సంచిది." ముడి వేస్తూ తాపీగా చెప్పింది. "ఆయనకి వేళ్ళు లేవు కదా, ముడి విప్పడం చేతకాదు. ప్రతిసారీ కత్తితో కోసేవాడు. నేను తిట్టుకుంటూ కొత్తది పేనేదాన్ని. ఇదొక్కటే కోయకుండా ఇంటికొచ్చింది."

జిర్గల్ తలెత్తలేకపోయాడు. ఇన్నేళ్ళూ తాను దాచాననుకున్నది ఆమె మొదటిరోజే చూసేసింది.

"నీ సంచి నీ దగ్గరే ఉంచుకో" అని కొడుక్కి ఇచ్చింది చెచెక్. తర్వాత మాంసం గిన్నె తెచ్చి జిర్గల్ ముందు పెట్టింది.

"ఇవాళైనా ముందు నువ్వు తిను, మరిదీ."

అతను తిన్నాడు. ఆమె చూస్తూ కూర్చున్నది.