రమ్మన్న చెయ్యి

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని గుండెల మీద మోస్తున్నాను. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. మీరైనా నన్ను తిట్టండి. ఇంతవరకూ ఒక్కరూ తిట్టలేదు, అదే నాకు ఒళ్లు మంట.

తొంభైల్లో మాట. భిలాయిలో క్యాంప్ వన్ బస్తీ కుర్రాళ్లం, వానాకాలం వస్తే లారీ ట్యూబులు మోసుకుని ఉతై ఊరి అవతల నాలా అనే వాగుకి పోయేవాళ్లం. ట్యూబు మీద కూర్చుని, చెక్క తెడ్డుతో రాళ్ల మధ్య దూసుకుపోవడం. మలుపు తిరగ్గానే నీళ్లు మనిషెత్తు నుంచి కిందికి పడతాయి. పైనుంచి వచ్చేవాడికి అది కనబడదు. అందుకని మలుపులో బండ మీద ఒకడు నిలబడి సైగ చేయాలి. ఆ హోరులో కేక వినబడదు కదా. ఆ సైగలు మా నాన్నలు ఉక్కు ప్లాంటులో క్రేన్ కింద నిలబడి చేసేవే. చెయ్యి ఊపితే రా. రెండు చేతులూ తలపైన అడ్డంగా పెడితే ఆగు. క్రేన్ నడిపేవాడు ఆ చేతినే నమ్ముతాడు. మేమూ అంతే.

ఆ రోజు బండ మీద నేను. ట్యూబు మీద నా ప్రాణ స్నేహితుడు అప్పల్రాజు. ముందు వారం నేను అక్కడే బోల్తాపడి ఏడ్చానని సెక్టర్ ఫోర్ దాకా చాటింపు వేశాడు. కిందికి చూశాను. వరదకి కొట్టుకొచ్చిన తుమ్మచెట్టు ధారకి అడ్డంగా ఇరుక్కుని ఉంది. చూడలేదని ఎన్నిసార్లు నాకు నేనే చెప్పుకున్నానో! చూశాను. వాడూ ఒక మునక వేస్తే తిక్క కుదురుతుందనుకున్నాను. అంతేనా? వాడూ ఏడవాలనుకున్నానేమో.

చెయ్యి ఊపాను.

ట్యూబు ఆ చెట్టుకి కొట్టుకుని వాడి కుడి మోచెయ్యి నుజ్జయింది. వాణ్ని బయటికి లాగింది నేనే, అందుకు వాళ్లమ్మ నాకు దండం పెట్టింది. ఆసుపత్రిలో వాడు అడిగాడు.

"నాకు రమ్మన్నట్టే కనబడిందిరా. నువ్వు ఆగమన్నావు గదేటి?"

"ఆగమనే అన్నాన్రా."

"అయితే గల్తీ నాదే. సరిగ్గా సూసుకోనేదు."

ఆ చేతితో వాడు ప్లాంటు మెడికల్లో తప్పాడు. నాకు ఉద్యోగం వచ్చింది. క్రేన్ కింద సైగలు చేసే పనే. ఎంత సిగ్గులేని చెయ్యి నాది!

ఇప్పటికీ వాడు ఎడం చేత్తో టీ గ్లాసు పట్టుకుని, సైగ సరిగ్గా చూసుకోవాలనీ తనలా తొందరపడొద్దనీ అందరికీ చెబుతాడు. నేను పక్కనే కూర్చుని తలూపుతాను. చెయ్యి పోగొట్టింది చాలక, వాడి కళ్ల మీద వాడికే నమ్మకం లేకుండా చేశాను. నన్ను నమ్మినందుకు ఒక్కోసారి వాడి మీదే కోపం వస్తుంది, చూడండి నా నీచం.

క్షమించమని రాయడం లేదు. వాడి ముందు నోరు విప్పే ధైర్యం ఇంకా రాలేదు. ఇంత రాశాక ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది. అప్పల్రాజు సరిగ్గానే చూశాడు. నేను రమ్మనే అన్నాను.