గొలుసుకట్టు రాతలో లేని బండి బాట

మా చిన్నప్పుడు పొలం కాయితాలు గొలుసుకట్టులో రాసేవారు... కలం ఎత్తకుండా, ఒక అక్షరం తోక ఇంకో అక్షరం మెడకు చుట్టి. నంద్యాలలో ఒక రాతగాడి అరుగు మీద అట్లాంటి అగ్రిమెంటు కాయితం రాయించాడు మా నాయన. నాకప్పుడు పదకొండేళ్లు.

ఆళ్లగడ్డ దగ్గర మా చేలో వెనక సగం అమ్ముతున్నాడు. కొనే మనిషి మద్దిలేటి. ప్యాపిలిలో ఉన్న ఒక్క మెట్టచేనూ అమ్మేసి, నల్లరేగడి మీద ఆశతో పెళ్లాం బిడ్డలతో వచ్చినవాడు. వెనక సగానికి పోవాలంటే మా ముందు సగంలో నుంచే పోవాలి.

"బండి బాట ఇడుస్తాలేప్పా, నాది పూచీ" అని నాయన అతని చేతిలో చెయ్యి వేశాడు. నా చెవులతో విన్నాను.

మద్దిలేటికి అక్షరమ్ముక్క రాదు. నాయనకూ రాదు. కానీ నేను వీధిబడికి పోతున్నానని, "మావోడు గడగడా సదువుతాడు" అని నాయన ఊరంతా చెప్పుకునేవాడు. నాకు వచ్చింది ఇసుకలో దిద్దిన విడి అక్షరాలు... అవీ సగమే.

మద్దిలేటి కాయితం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"అబ్బీ, బండి బాట రాసినారేమో సూడప్పా. నేను కండ్లుండీ గుడ్డోన్ని."

ఒక్క అక్షరమూ పోల్చుకోలేకపోయాను. రాదని చెప్పడానికి నోరు రాలేదు... వేలు పెట్టి వరుస వెంబడి జరిపాను. పెదాలు ఆడించాను. నాయన మాట ఇచ్చాడు కదా, రాసే ఉంటారనుకున్నాను.

"ఉంది మామా, ఈడ రాసినారు" అన్నాను.

అతను నా తల నిమిరి వేలిముద్ర వేశాడు. నాయన నావైపు అదోలా చూశాడు. బాట మాట రాయొద్దని రాతగాడికి చెప్పింది నాయనేనని నాకు తర్వాత తెలిసింది.

జొన్న కోతకొచ్చే వేళకు నాయన బాట దున్నేసి, అడ్డంగా ముళ్లకంప వేశాడు. "కాయితంలో యాడుంది బాట? సూపీప్పా" అన్నాడు.

చావడిలో పంచాయితీ పెట్టారు. పెద్దమనిషి కాయితం రెండుసార్లు చదివి, బాట సంగతే లేదన్నాడు. మద్దిలేటి నన్ను చూపించాడు.

"ఈ పిల్లోడు ఉందని సదివినాకే ఏలు పెట్టినా సామీ."

పెద్దమనిషి నన్ను దగ్గరికి పిలిచాడు. "ఏమబ్బీ, సదవను రాకనే సెప్పినావా? రాదంటే రాదని సెప్పు, తప్పేం లేదు. ఈయప్పకు బాట ఇప్పిస్తా."

ఒక్క మాట చాలు... నాకు చదువు రాదు అంటే చాలు. బడి పిల్లలంతా గోడెక్కి చూస్తున్నారు.

"నాకు సదువొచ్చు. ఉన్నదే సదివినా. బాట ఉందని నేను సెప్పలా" అన్నాను.

"ఏమప్పా మద్దిలేటీ, కండ్లే లేవనుకుంటిమి, సెవులు గూడా లేవా?" అన్నారెవరో. చావడంతా నవ్వింది. అతను నన్ను తిట్టలేదు. కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ ఏడు కంకులూ చొప్పా మొగుడూ పెళ్లాం నెత్తిన మోశారు, కాలవ గట్టు చుట్టూ తిరిగి. ఎరువు తోలడానికి బండి పోలేదు. మరుసటేడు చేను మళ్లీ మా నాయనకే అయినకాడికి ఇచ్చేసి ప్యాపిలికి పోయారు. అక్కడ వాళ్లకు చేనెక్కడిది... కూలికే పోయి ఉంటారు.

నాయన మాట తప్పాడని ఊరు ఆయన్నే అంది. నేను అబద్ధమాడానని కూడా కొందరన్నారు. అబద్ధాలకోరు అనిపించుకోవడానికి నాకు సిగ్గు వెయ్యలేదు... చదువు రానోడు అనిపించుకోవడానికే సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు తప్పు చోట పడిందని తెలిసేసరికి మీసాలు నెరిశాయి.

ఇప్పుడు కాయితాలన్నీ అచ్చు అక్షరాలే... నాబోటివాడు కూడా కూడబలుక్కుని చదవొచ్చు. చేతకాకపోతే ఫోనే చదివి పెడుతుంది.

చావడిలో అనలేని మాట ఇన్నేళ్లకు మీ ముందు అంటున్నాను. ఆ రోజు నాకు చదువు రాదు. మీరు మింగిన మాట ఏదైనా ఉంటే చెప్పెయ్యండి... వినాల్సిన మనిషి ఉండగానే.